ముక్కలు మీకు, పులుసు నాకు

ఒళ్ళు తగ్గడానికి సలహా చెప్పని మనిషి ఈ భూప్రపంచంలో ఉన్నారంటే నేను నమ్మను. పెళ్ళికి వెళ్తే పక్క కుర్చీలో కూర్చున్నావిడ చెబుతుంది. జాకెట్టు ఆది తీసుకుంటూ టైలరు చెబుతాడు. ఒకరు పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మకాయా తేనే అంటారు. ఒకరు అన్నం మొహమే చూడొద్దంటారు. ఉడికించినదేదీ ముట్టొద్దని ఒకరంటే, కొబ్బరినూనె తాగమని మరొకరంటారు. ఈ మధ్య ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. అవి ఎవరికి అవసరమో డాక్టర్లు తేల్చాలి గానీ పేరంటంలో మనం తేల్చుకునేవి కావు. అదంతా సరే... ఇన్ని సలహాల మధ్య "నువ్వు ఎన్నింటికి తింటావమ్మా? నీ కంచం దగ్గరికి వచ్చేసరికి గిన్నెల్లో ఏం మిగులుతుంది?" అని అడిగినవాళ్ళు మాత్రం నాకింతవరకూ ఒక్కరూ తగల్లేదు. అందుకే ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది.

మాది తెనాలి. ఇంట్లో ఐదుగురం. మావారు, మా అత్తగారు, ఇంటర్ చదివే అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి, నేను. నాకు 46 ఏళ్ళు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. 2024 ఆగస్టులో మోకాళ్ళ నొప్పులని డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్తే మిషనెక్కమన్నారు. 71 కిలోలు! ఆవిడ కాగితం మీద ఏదో లెక్క వేసి, "మీ బీఎంఐ 29కి దగ్గరగా ఉందమ్మా. మన దేశం వాళ్ళకి 23 దాటితేనే ఎక్కువ కింద లెక్క. 25 దాటితే ఊబకాయమే" అన్నారు. టేపుతో నడుము చుట్టుకొలత కూడా తీశారు. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫయ్యొకటిన్నర అంగుళాలు దాటకూడదట. నాది ఎంతో ఇక్కడ రాయను లెండి.

బరువు సంగతికి నేను అంతగా బెదరలేదు. మర్నాడు వచ్చిన రక్తపరీక్ష కాగితం చూసే కాళ్ళాడలేదు. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అని ఒక పరీక్ష ఉంటుంది. నాకది 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా గుమ్మంలో నిలబడ్డట్టు. 6.5 వచ్చిందంటే షుగరు ఇంట్లోకి వచ్చేసినట్టే.

ఇలాంటి కాగితం చూసి ఎవరైనా గాభరా పడతారు. నాకు ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మకి 52వ ఏట షుగరు బయటపడింది. బయటపడింది అప్పుడు, ఒంట్లోకి ఎప్పుడు వచ్చిందో ఎవరికి తెలుసు? 2019లో కాలికి తగిలిన చిన్న దెబ్బ మానక కుడికాలి చిటికెన వేలు తీసేశారు. ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని నేను అదే ఆలోచించాను. అమ్మ ఎన్నడూ మిఠాయిలు తిని ఎరగదు. పెద్ద తిండి మనిషీ కాదు. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో అందరికీ పెట్టి, మధ్యాహ్నం మూడింటికి గిన్నెలు ముందేసుకుని కూర్చునేది. పప్పు గిన్నె అడుగున ఊడ్చిందీ, కూర మూకుడులో ఇంత అన్నం వేసి కలుపుకున్నదీ, ఆ తర్వాత ఆవకాయతో ఒక ముద్ద, నీళ్ళమజ్జిగతో ఇంకో ముద్ద. కంచం నిండా అన్నమే. మిగతావన్నీ వాసనకి!

డాక్టరమ్మగారు మంచి పని ఒకటి చేశారు. మందులు రాయకుండా ముందు ఒక చీటీపుస్తకం కొనుక్కోమన్నారు. "వారంరోజులు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి. టైమ్ కూడా వేయండి. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. చాకలి పద్దూ పాల పద్దూ రాసే చేతితో నా తిండి పద్దు రాయడం మొదలుపెట్టాను. మీరూ ఒక వారం రాసి చూడండి, భలే సంగతులు బయటపడతాయి.

నా పుస్తకంలో ఏమున్నాయో చెప్తాను. పొద్దున ఏడింటికి టీ. ఎనిమిదింటికి అబ్బాయి వదిలేసిన అరముక్క అట్టు. తొమ్మిదింటికి మావారి కారియర్ సర్దాక గిన్నెలో మిగిలిన రెండు గరిటెల పులిహోర. పదకొండింటికి మళ్ళీ టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం రెండున్నరకి భోజనం. సాయంత్రం పిల్లలు సగం తిని పెట్టిన పకోడీలు. రాత్రి పదింటికి అందరూ తిన్నాక, "ఈ కాస్త అన్నం రేపటికి ఏం పెడతాంలే" అని ఆ కాస్తా. ఇలా మిగిలినవాటిని విడిగా కూడితే రోజుకి 300 కేలరీలకి తగ్గలేదు. కంచం పెట్టుకుని కూర్చుని తిన్నవి కావు అవి. పారేస్తే అన్నలక్ష్మికి కోపం వస్తుందని నోట్లో వేసుకున్నవి.

ఇక ఆదివారం పద్దు చూడాలి! ఆదివారం మా ఇంట్లో కోడికూర. ముందు మా అబ్బాయి లెగ్ పీసుల కోసం కాచుకుని ఉంటాడు. మావారికి నాలుగు మంచి ముక్కలు. మా అత్తగారికి మెత్తటివి చూసి వేయాలి, పళ్ళు లేవు. అమ్మాయికి రెండు. నేను కూర్చునేసరికి ఒక మెడ ముక్కా, ఒక రెక్కా, గిన్నెడు పులుసూ. ఆ పులుసులో అన్నం కలుపుకుంటే ఎంత కమ్మగా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? రెండోసారి కూడా అన్నం పెట్టుకోబుద్ధవుతుంది. ఆ వారం పుస్తకం చూపిస్తే డాక్టరమ్మగారు నవ్వి, "అంటే ముక్కల్లో ఉన్న మాంసకృత్తులు వాళ్ళకి, పైకి తేలిన నూనె మీకు. బాగుందమ్మా పంపకం" అన్నారు.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. ఆలోచించి చూస్తే కోడికూరే కాదు, అన్నిటిలోనూ అదే పంపకం. పప్పుచారు నా దాకా వచ్చేసరికి అందులో పప్పు వెతుక్కోవాలి. కూర అయిపోతే పచ్చడి. గట్టి పెరుగు పిల్లలకి, గిన్నె కడిగిన మజ్జిగ నాకు. ఒక్క అన్నం మాత్రం ఎప్పుడూ అయిపోదు, ఎందుకంటే తక్కువైతే అవమానమని రెండు గుప్పెళ్ళు ఎక్కువే వండుతాం. అలా ఇంటిల్లిపాదికీ కూరా పప్పూ, వండినమ్మకి అన్నమూ నూనే మిగులుతాయి. ఆ తర్వాత "నీకు నోరు కట్టుకోవడం రాదు" అనే బిరుదు కూడా!

మా ఆడపడుచు హైదరాబాదులో తార్నాక దగ్గర ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే కదా. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకి వచ్చిన సంస్థ అది. వాళ్ళు 2024 మే నెలలో భారతీయుల కోసం ఆహార సూత్రాలు మళ్ళీ సవరించి వేశారు, మొత్తం 17. "వదినా, ఆ చిట్కాలూ ఈ చిట్కాలూ ఎందుకు, ఇది చూడు" అంటూ అందులోని కంచం బొమ్మ పంపింది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులుగానీ గుడ్డూ మాంసంగానీ 85, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400, పండ్లు 100, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, పల్లీలూ గింజలూ 35, నూనే నెయ్యీ కలిపి 27 గ్రాములు. ఇవన్నీ వండకముందు తూకాలు.

400 గ్రాముల కూరగాయలు! ఐదుగురికి రోజుకి రెండు కిలోలు. మా ఇంట్లో అంతకుముందు కిలో వంకాయలు తెస్తే రెండు పూటలు గడిచేవి. అన్నం కలుపుకోవడానికి కూర కావాలి అనుకుంటాంగానీ, కూర తినడానికి ఇంత అన్నం అనుకోం. ఆ బొమ్మ చూస్తే కంచంలో సగం కూరలూ పండ్లే!

డాక్టరమ్మగారు నాకు 1500 కేలరీల దగ్గర ఆగమన్నారు. వెయ్యికి దిగితే మాత్రం ఒప్పుకోనన్నారు. ఆ పుస్తకంలోనూ అదే ఉంది. వెయ్యి కేలరీలకి తగ్గకూడదు, వారానికి అరకిలో తగ్గితే క్షేమం, అంతకన్నా తొందర వద్దని. నాకు నప్పింది అందరికీ నప్పుతుందని కాదు. షుగరు మందులు వాడేవాళ్ళూ, కిడ్నీ తేడా ఉన్నవాళ్ళూ, బాలింతలూ తమ డాక్టరుని అడక్కుండా తిండి మార్చకూడదు.

సరే, అసలు మార్పు ఎక్కడ మొదలైందంటే, వంట పూర్తవగానే, ఇంకా ఎవరూ కంచాల ముందు కూర్చోకముందే, నా కూరా నా పప్పూ నా పెరుగూ మూడు చిన్న గిన్నెల్లోకి తీసి పక్కన పెట్టాను. అంతే. చెప్పుకుంటే ఇంతేనా అనిపిస్తుంది. చేయబోతే చెయ్యి ఆడలేదు! మా అత్తగారు చూస్తూనే ఉన్నారు. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు, "అమ్మాయ్, మగాడూ పిల్లలూ తినకముందే వండినమ్మ తీసి దాచుకోవడం మా కాలంలో ఎరగం" అన్నారు.

మా అత్తగారు గయ్యాళి మనిషి కాదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆవిడ నమ్మిన పద్ధతి అది, ఆవిడా అలాగే బతికారు. నేనేమీ వాదించలేదు. "అత్తయ్యా, మా అమ్మ కాలి వేలు మీరూ చూశారుగా. అమ్మా అందరూ తిన్నాకే తినేది" అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. మర్నాడు నుంచి ఆ గిన్నెల మీద మూత పెట్టమన్నారు, అంతవరకే. మూత ఎందుకంటే ఈగలకట. నాకు మాత్రం పక్కింటి వాళ్ళు చూడకుండా అనిపించింది!

ఇప్పుడు ఒంటిగంటకి నేనూ అత్తయ్యా కలిసే కూర్చుంటాం. రాత్రి ఎనిమిదింటికి ఐదుగురం ఒకేసారి. "వడ్డించేదెవరు?" అన్నారు మావారు మొదటిరోజు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టేశాను. ఎవరి చేతికి ఏం అందితే అది వాళ్ళే వేసుకుంటున్నారు. ఆయన ఇరవై రెండేళ్ళ కాపురంలో చారు గిన్నె బరువు మొదటిసారి చూశారు.

అన్నం మానలేదండీ, అది ముందే చెప్పాలి. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగి అన్నం మానేయమంటే ఎన్నాళ్ళు మానగలం? కొలత మార్చాను. మా కుక్కరుతో వచ్చిన కప్పు తూచి చూస్తే 140 గ్రాముల బియ్యం పట్టింది. అంతకుముందు రోజుకి ఆరు కప్పులు పోసేదాన్ని, ఇప్పుడు నాలుగున్నర. నా వాటాకి మధ్యాహ్నం 60 గ్రాముల బియ్యపు అన్నం వస్తుంది. కంచంలో ముందు కూర పెట్టుకుంటాను, తర్వాత పప్పు, ఆ తర్వాత మిగిలిన చోట అన్నం. మొదటి నాలుగు ముద్దలు కూర ఎక్కువా అన్నం తక్కువా. కూరా పప్పూ ముందు కడుపులో పడితే భోంచేశాక షుగరు ఒక్కసారిగా ఎగబాకదని డాక్టరమ్మగారు చెప్పారు. పీచూ మాంసకృత్తులూ అన్నం అరుగుదలని నెమ్మది చేస్తాయట.

"రాత్రిళ్ళు చపాతీ తింటున్నా, అయినా తగ్గట్లేదు" అని వాపోయేవాళ్ళు మన చుట్టూ పదిమంది ఉంటారు. బియ్యమైనా గోధుమపిండైనా 100 గ్రాములకి కేలరీలు ఇంచుమించు ఒకటే, అటూ ఇటూ 320 నుంచి 350. గోధుమలో పీచు ఎక్కువ, నిజమే. కానీ నాలుగు చపాతీలు నూనెతో కాల్చి, బంగాళాదుంప కుర్మాతో తింటే అన్నం చేసిన పాపం ఏమిటి? కొర్రలూ అంతే. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించాక మా వీధి కొట్లో కూడా కొర్రలూ సామలూ పాకెట్లు వచ్చాయి. మంచివే, పీచు ఉంటుంది, త్వరగా ఆకలెయ్యదు. అయితే కొర్రన్నం కదా అని గుట్టగా పెట్టుకుంటే కేలరీలు బియ్యానికి తీసిపోవు. ఇక శనివారం ఒంటిపూట సంగతి ఎత్తితే మా అత్తగారికి కోపం. భక్తి మాట వేరు, నేను కాదనను. రాత్రి అన్నం మాని, నెయ్యీ జీడిపప్పూ దండిగా వేసిన ఉప్మా రెండు ప్లేట్లు తింటే దాన్ని ఉపవాసమని దేవుడు లెక్క వేస్తాడేమోగానీ ఒళ్ళు వెయ్యదు.

టిఫిన్లలో నాకు బాగా కలిసొచ్చింది పెసరట్టు. పెసల్లో 100 గ్రాములకి 22 గ్రాముల పైనే మాంసకృత్తులుంటాయి. బియ్యంలో ఏడో ఎనిమిదో. రెండు పెసరట్లు అల్లప్పచ్చడితో తింటే పన్నెండున్నర దాకా ఆకలి మాట ఉండదు, పదకొండింటి బిస్కెట్లు వాటంతటవే పోయాయి. మా వైపు పెసరట్టులో ఉప్మా పెట్టే అలవాటొకటుంది. అది మావారికే వదిలేశాను. పెనం మీద నూనె గరిటెతో పోయకుండా, సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దుతాను. పాత పద్ధతే, మా నాయనమ్మ చేసేది. వారంలో మూడు రోజులు పెసరట్టు, రెండు రోజులు ఇడ్లీ సాంబారు. సాంబారు ఎక్కువ, ఇడ్లీ మూడు. ఒక రోజు రాగిజావా ఉడికించిన గుడ్డూ.

నూనె సంగతికి చీటీపుస్తకం అక్కర్లేదు, కొట్టు పద్దు చాలు. నెలకి ఆరు లీటర్లు తెచ్చేవాళ్ళం. లీటరు నూనె 900 గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఐదుగురికి, ముప్ఫై రోజులకి పంచితే తలకి రోజూ 36 గ్రాములు. నెయ్యి కాక! గ్రాము నూనెకి 9 కేలరీలు. ఇప్పుడు నాలుగు లీటర్లతో సరిపెడుతున్నాను, అంటే 24 గ్రాములు, పైన అరచెంచా నెయ్యి. వేపుళ్ళు వారానికి ఒకటి. దొండకాయా బెండకాయా ముందు మూతపెట్టి మగ్గించి చివర్లో రెండు చెంచాల నూనె వేస్తే వేపుడు రుచికి దగ్గరగానే వస్తుంది. అచ్చం అలాగే ఉంటుందని మాత్రం నేను అబద్ధం చెప్పను. మా అబ్బాయి మొదటివారం, "అమ్మా, ఇది బెండకాయ వేపుడా, బెండకాయ జబ్బు కూరా?" అన్నాడు.

టీలో చక్కెర రెండు నెలలు పట్టింది. నాలుగు టీలు, టీకి రెండు చెంచాలు, ఎనిమిది చెంచాలంటే 40 గ్రాములు. రోజుకి 20-25 గ్రాములు మించొద్దంటారు, అందులోనే మిఠాయిలూ బిస్కెట్లూ కలిసి. రెండు చెంచాలు ఒకటిన్నర చేసి పదిహేను రోజులు, ఒకటి చేసి ఇంకో పదిహేను రోజులు, అలా ఇప్పుడు అరచెంచా దగ్గర ఆగాను. టీలు కూడా రెండే. బెల్లం వేసుకోవచ్చుగా అన్నారు పక్కింటావిడ. బెల్లమైనా కేలరీల్లో చక్కెరకి చెల్లెలే.

మిగిలినవాటికి ఏం చేశానని అడుగుతారేమో. తక్కువ వండితే తక్కువ మిగులుతాయి, సగం గొడవ అక్కడే తీరింది. మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున పిల్లలకి పోపన్నం. అబ్బాయి వదిలేసిన అట్టు వాడిదే, సాయంత్రం బడి నుంచి వచ్చాక వాడి ముందే పెడతాను. రెండుసార్లు చల్లారిన అట్టు తిన్నాక ఎన్ని కావాలో ముందే లెక్కగా చెప్పడం మొదలుపెట్టాడు. వీధిలో ఆవు రోజూ పదింటికి వస్తుంది. దానికి మాత్రం బరువు బాధ లేదు.

రాత్రి భోజనమయ్యాక ఇరవై నిమిషాలు డాబా మీద నడక, అమ్మాయి తోడుగా వస్తుంది. కాళ్ళ కండరాలు కదిలితే రక్తంలోని చక్కెరని అవి వాడుకుంటాయట. ఇంకొకటి, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, పొద్దునా సాయంత్రమూ. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, దాన్ని నిలుపుకోవాలంటే మాంసకృత్తులూ, ఇలాంటి కసరత్తూ రెండూ ఉండాలని డాక్టరమ్మగారు పదేపదే చెప్పారు.

మా పక్కవీధిలో ఒకావిడ జావలూ రసాలూ మాత్రమే తాగి రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది. అందరం వెళ్ళి చూసొచ్చాం. మూడో నెలలో తల దువ్వుకుంటే కుచ్చులు కుచ్చులుగా జుట్టు రాలింది. దసరాకి మళ్ళీ అన్నం మొదలుపెడితే ఏడాది తిరిగేసరికి ఆ తొమ్మిదీ, పైన రెండూ వచ్చాయి. పాపం, ఆవిడకి పట్టుదల లేదని ఎవరూ అనలేరు. ఒళ్ళు కరువొచ్చిందనుకుని ఖర్చు తగ్గించేసుకుంటుంది, కండ కరిగిపోయి ఉంటుంది, ఆపైన పాత తిండి తింటే ఇంకేమవుతుంది?

నా లెక్కలు దానిముందు బొత్తిగా ఆనవు. మొదటి ఆరు వారాల్లో రెండు కిలోలు. సంక్రాంతికి ముందు 66. ఆ తర్వాత పండగ, మా మరిది కూతురి పెళ్ళి, రెండున్నర నెలలు మిషను మీద ముల్లు కదిలితే ఒట్టు. ఒకవారం 67 కూడా చూపించింది. అమ్మాయి, "మిషను బాగా లేదేమోనమ్మా" అని నా మీద జాలిపడింది. తిండి పద్ధతి మాత్రం మార్చలేదు, ఎందుకంటే అది నాకు శిక్షలా లేదు. నా కూర నాకుంది, నా ముక్క నాకుంది, వేళకి తింటున్నాను. దేన్ని మానేయాలి? మేలో మళ్ళీ దిగడం మొదలైంది. పద్నాలుగు నెలలకి 63. బీఎంఐ ఇంకా ఇరవై అయిదున్నర. సన్నజాజి తీగనేమీ అయిపోలేదు. మోకాళ్ళు మాత్రం మెట్లెక్కేటప్పుడు మూలగడం మానేశాయి. షుగరు సగటు 5.8కి దిగింది. ఇంకా గుమ్మం దగ్గరే అనుకోండి, కాకపోతే వీధివైపుకి జరిగింది.

డాక్టరమ్మగారు ఆ కాగితం చూసి ఒక సంగతి చెప్పారు. చెన్నైలో డాక్టర్ అంబాడి రామచంద్రన్ గారి బృందం, నాలాగా గుమ్మంలో ఉన్నవాళ్ళని మూడేళ్ళు కనిపెట్టి చూసి 2006లో ఫలితాలు ప్రకటించారట. ఏ మార్పూ చేయనివాళ్ళలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండీ నడకా సర్దుకున్నవాళ్ళలో 39 మందికే. విచిత్రమేమిటంటే వాళ్ళ బరువు పెద్దగా తగ్గనే లేదు! మిషను మీద ముల్లు కదలని రెండున్నర నెలలు ఊరికే పోలేదన్నమాట.

అమ్మ ఇప్పుడు బాపట్లలో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. మా మరదలికి ఈ గిన్నెల సంగతి చెప్పాను. "వదినా, ఆవిడ వింటేగా! నేను పెడితే అందరి కంచాలూ చూసి సగం తీసి మళ్ళీ గిన్నెలో వేస్తారు" అంది. డెబ్భై ఏళ్ళ అలవాటు నేను ఫోనులో మాన్పించగలనా? పోయిన నెల వెళ్ళినప్పుడు అమ్మ పక్కనే కూర్చుని ఇద్దరం ఒకేసారి తిన్నాం. తోటకూర పప్పూ, బీరకాయ కూరా. నా కంచంలో కూర ఎక్కువుందని చూసి, "నీకిష్టమని ఇంకాస్త వేసుకో" అంటుందేగానీ తను వేసుకోదు. ఆఖరికి అమ్మ గిన్నె నేను పట్టుకుని, అది ఖాళీ అయ్యేదాకా లేవనని బెదిరించాల్సి వచ్చింది.

మా ఆదివారం పంపకం కూడా మారింది. ముక్కలు లెక్కపెట్టి ఐదు వాటాలు వేసేది ఇప్పుడు మా అమ్మాయి. నాకు మూడు మంచి ముక్కలు పడేదాకా మూత పెట్టనివ్వదు. మావారు, "ఇదేం రేషన్ షాపమ్మా" అంటారు. పైకి తేలిన నూనె గరిటెతో తీసేస్తాను, పులుసు కావలసినంత.

సంక్రాంతి మళ్ళీ వస్తోంది. అరిసెలు ఈసారి నలభైతో సరిపెడదామని నేను. వందకి తగ్గితే పండగలా ఉండదని మా అత్తగారు. బియ్యం నానబోసేలోగా ఎక్కడో అక్కడ తేలాలి. నిన్న అరవై దాకా దిగారు.